ఎడమ మూల రాయి

నంద్యాలలో పాణ్యం రోడ్డు మీద మా పాలీషు షెడ్డు. బేతంచెర్ల నుంచి లారీల్లో నాపబండలు వస్తాయి. మేం అంచులు కోసి, నునుపు చేసి, మళ్ళీ లారీ ఎక్కిస్తాం. కరెంటు ఉన్నంతసేపు పని. కరెంటు పోతే రాతి కబడ్డీ.

అది దేవదానం పెట్టిన ఆట. మిషను కింద బండ జారకుండా రెండు పక్కలా ఇద్దరు పట్టుకోవాలి. దేవదానం ఎడమ పక్క మనిషి. డెబ్బై ఆరు వానాకాలంలో స్తంభాలు కూలి చాన్నాళ్ళు కరెంటు రాలేదు. ఊరికే కూర్చోలేక అతను మచ్చలేని నల్లబండ ఒకటి ఏరి, ఉలితో దాని మీద కబడ్డీ కోర్టు గీశాడు. నడిమి గీత, అటు ఏడు చోట్లు, ఇటు ఏడు చోట్లు. ఆ గీతల్లో వేలు పెట్టి చూస్తే ఎక్కడా లోతు మారదు.

బండ మీద నిలబడేవి చిన్న రాళ్ళు. ఒక్కో రాయి షెడ్డులో ఒక్కో మనిషి. షెడ్డులో ఏ పని చేస్తే బండ మీద అదే చోటు. పక్కలు పట్టుకునేవాళ్ళు మూలల్లో నిలబడతారు, పట్టు వాళ్ళది కాబట్టి. అంచులు కోసేవాళ్ళు వాళ్ళ పక్కన. లారీ ఎక్కించే హమాలీలు కూతకు పోయేవాళ్ళు. మిషను నడిపేవాడు నడుమ. ఆ నడిమి రాయి నాది. ఎవర్ని నిలబెట్టాలి, ఎవర్ని బెంచీ మీద ఉంచాలి అన్నది కూడా నాకే వదిలారు. తక్కువ మాట్లాడతాను కనుక తగాదా ఉండదనుకున్నట్టున్నారు.

రాయి మీద గీతలుంటాయి. అడుగున్నర బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అందరి ముందూ ఎన్ని ఎత్తితే అన్ని గీతలు. అయిదుకు మించి ఎవరికీ లేవు. కూతకు పోయిన రాయి అవతలి రాయిని తాకితే, ఆ ఇద్దరు మనుషులూ తమ గీతలకు సరిపడా గవ్వలు వేస్తారు. వెల్లకిలా పడ్డ గవ్వలు ఎవరికి ఎక్కువుంటే వాళ్ళు నిలుస్తారు, రెండోవాడు బండ దిగుతాడు. సమానమైతే ఆ కూత వట్టిది. అవతల ఒకడు దిగితే, దిగిపోయిన మనవాడొకడు లేచి వస్తాడు. అందరూ దిగిన పక్షం ఓడినట్టు. వరసగా మూడు కూతలు పోయిన రాయికి అలుపు, అది కాసేపు కూర్చోవాలి. బెంచీ మీద రాళ్ళెందుకంటే అందుకు.

ఇంకో కట్టుబాటు ఉంది. తన పని కాని పనికి పెడితే రాయి గీతల్లో సగమే పలుకుతాయి. అయిదు గీతల హమాలీని మూలలో నిలబెడితే రెండు గవ్వలే చేతికొస్తాయి. అలాగే, రాయి షెడ్డుది కాదు, మనిషిది. మనిషి షెడ్డు మారితే రాయి అతని జేబులో వెళ్ళిపోతుంది.

ఆళ్ళగడ్డ షెడ్డువాళ్ళు మా ఆట చూసి నేర్చుకున్నారు. ఏటా ఉగాది తర్వాతి ఆదివారం వాళ్ళ షెడ్డులో వాళ్ళకూ మాకూ పందెం. గెలిచినవాళ్ళ దగ్గర దేవదానం బండ ఏడాదిపాటు ఉంటుంది. ఆళ్ళగడ్డలో శిల్పులెక్కువ. వాళ్ళ రాళ్ళకు ముక్కూ మూతీ చెక్కించి, మీసాలు కూడా పెట్టించారు. అయినా బండ ఏ ఏడూ వాళ్ళ దగ్గర ఉండిపోలేదు.

ఎనభై ఒకటిలో దేవదానం కామెర్లొచ్చి పోయాడు. అతని భార్య సువార్తమ్మ వచ్చి, ఆయన పని నాకియ్యండి అని అడిగి, మిషనుకు ఎడమ పక్క నిలబడింది. చనిపోయినవాడి రాయి ఆడించం. దాన్ని గవ్వల గుడ్డలోనే మూటగట్టి ఉంచాను. బండ మీద ఎడమ మూలలో మాత్రం ఆనందరావును నిలబెడుతూ వచ్చాను. అతను అయిదు గీతల హమాలీ. సగం పలికినా ఎలాగో నెట్టుకొచ్చాం.

ఎనభై మూడులో ఆళ్ళగడ్డ ఓనరు షెడ్డు పెంచాడు. అతని మేస్త్రీ రాజరత్నం నంద్యాల వచ్చి, కూలి ఎక్కువిస్తానని మా హమాలీలను ఒక్కొక్కర్నే తీసుకుపోయాడు. వెళ్ళేవాడల్లా నా దగ్గరికి వచ్చి తలొంచుకొని చెయ్యి చాపాడు. రాయి తీసి చేతిలో పెట్టాను. ఉగాది ముందు ఆనందరావు కూడా చెయ్యి చాపాడు. గుడ్డ విప్పి చూసుకుంటే దేవదానం రాయి కాక ఆరు రాళ్ళు మిగిలాయి. ఏడు నిలబెట్టలేని పక్షం ఆడకుండానే ఓడినట్టు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. మాకు మిగిలిన హమాలీలిద్దరిలో చిన్నవాడు ఖాజా పీర్ గవ్వలు గలగలలాడిస్తూ అన్నాడు.

"ఏంది నరసింహన్నా, ఆరే ఉండాయి. ఏడోదానికి టీ గ్లాసు నిలబెడదామా?"

"గ్లాసుకు గీతల్లేవు."

"మీసాలు గీద్దాం. ఆళ్ళగడ్డోళ్ళకు మీసముంటే చాలు గదా."

మిషను మీద నీళ్ళు పోసే కృపమ్మ నవ్వింది. అప్పుడే వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. రాజరత్నం దిగి, చెప్పులతోనే వచ్చి బండ పక్కన నిలబడ్డాడు.

"ఏమప్పా నరసింహులూ, బండ తుడిచి పెట్టినావా? ఆదివారం మాకిచ్చి పొయ్యేదే గదా."

"ఆడకుండా ఇచ్చేది లేదు."

"ఆరుమందితో ఏం ఆడతావప్పా? ఇంగ మా ఓనరు కొత్తిల్లు కడతాండాడు. వాకిలి మెట్టుకు మంచి నల్లబండ కావాలంటాండాడు. ఇంతకన్నా మంచిది యాడ దొరుకుతాది? గీతలు గూడా ఉండాయి. కాలు జారదు."

పక్కన నీళ్ళ డ్రమ్ము దగ్గర సువార్తమ్మ చేతులకంటిన రాతి బురద కడుక్కుంటోంది. రాజరత్నం వెళ్ళిపోయేదాకా కడుక్కుంటూనే ఉంది. తర్వాత కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది.

"ఆయప్ప గీసిన బండ తొక్కేకి మెట్టా?"

"అట్లంటాండాడు."

"వాడనేది ఇన్న్యా. నువ్వేమంటాండావ్?"

"ఆరే ఉండాయక్కా. ఎడమ మూల ఖాళీ."

"మిషను కాడ ఎడమ పక్క రెండేండ్లుగా ఎవురు పట్టుకుంటాండారు?"

నేను రాళ్ళు గుడ్డలోకి సర్దబోయాను.

"దినామూ నీ ఎదురుగానే నిలబడతాండా గదా. ఎవురు?"

"నువ్వే."

"మరి ఆ చోటు ఖాళీ అని యట్ల లెక్కేసినావు?"

ఖాజా పీర్ గవ్వలు కింద పెట్టాడు. "అక్కా, ఆడోళ్ళకు రాయి ఇయ్యరు గదా."

"ఎవురు ఇయ్యరు?"

"ఎవురంటే... ఎవురూ చెప్పలా."

"ఎవురూ చెప్పనిదానికి అంత భయమేందిరా?"

నేను మనసులోనే రాళ్ళు జరిపి చూసుకున్నాను. ఆనందరావు ఆ మూలలో రెండు గవ్వలకే పలికాడు. ఈమె మూడు బండలు ఎత్తితే మూడూ పలుకుతాయి, చోటు ఆమెది కాబట్టి. బలమైనవాడు పోయి, ఆ మూల బలపడేట్టుంది.

"ఆదివారం ప్రార్థన కాంగానే రాక్కా," అన్నాను.

ఆదివారం సైదా సాహెబ్ లారీలో ఆళ్ళగడ్డకు బయల్దేరాం. రెండు షెడ్లకూ సరుకు తోలే మనిషి. ఎవరి పక్షమూ కాదు కనుక మొదట్నుంచీ పందేనికి అతనే పెద్ద. వెనక వరిగడ్డి పరిచి బండను పడుకోబెట్టాం. సువార్తమ్మ తెల్ల చీరలో, బైబిలు సంచితో చర్చి దగ్గరే ఎక్కి, బండ పక్కన కూర్చుంది.

"ఏమ్మా, నువ్వెందుకు?" అన్నాడు సైదా సాహెబ్.

"ఆడేకి."

అతను నా ముఖం చూశాడు. బండి తీశాడు. శిరివెళ్ళ దాటినాక కిటికీలోంచి వక్క ఉమ్మి, "ఈ తూరి పందెం బాగుండేట్టుండాదే," అని తనలో తనే అనుకున్నాడు.

ఆళ్ళగడ్డ షెడ్డు ఆవరణలో పాలీషైన బండలను గోడకు ఆనించి వరసగా నిలబెట్టారు. ఎండ వాటి మీద ఏటవాలుగా పడుతోంది. ప్రతి బండకూ ఒక అంచున సన్నటి వంకర చార కనిపించింది. మిషను కింద బండ జారితే పడే చార అది. అంటే పక్కలు పట్టుకునేవాళ్ళు ఆ పని తెలిసినవాళ్ళు కారు. హమాలీలకు ఎక్కువ కూలి ఇవ్వాల్సొచ్చి, పాత పట్టు మనుషులను తీసేసినట్టున్నారు. నేను ఖాజా పీర్ వైపు చూశాను. వాడూ ఆ బండలే చూస్తున్నాడు.

"మూలల్లో మనుషుల్లేరన్నా," అన్నాడు గొంతు తగ్గించి.

రాజరత్నం తన మూట విప్పాడు. పన్నెండు రాళ్ళు. అన్నిటికీ మీసాలు, అన్నిటికీ అయిదు గీతలు. మా దగ్గర్నుంచి పోయిన రాళ్ళకు కూడా కొత్తగా మీసాలు మొలిచాయి. ఏడు బండ మీద నిలబెట్టి, అయిదు బెంచీ మీద వరసగా పెట్టి, చేతులు దులుపుకున్నాడు. గీతలు చూసి కూడేసుకున్నాడు గాని, చోటు చూసుకోలేదు. అంచు కోసేవాడు లేడు, పట్టుకునేవాడు లేడు. అంతా మోసేవాళ్ళే.

నేను ఆరు నిలబెట్టాను.

"ఏడోది?" అన్నాడు.

"ఆమె," అన్నాను.

అందరూ ఒక్కసారే నవ్వారు. ఆనందరావు మాత్రం నవ్వలేదు.

"ఏందప్పా, ఇది కబడ్డీనా, కుంటాటనా?" అన్నాడు రాజరత్నం. మళ్ళీ గొంతు మెత్తబరిచి, "సరేలేమ్మా. నీ బాధ నాకర్థమైతాది. దేవదానం రాయి ఉంటాది గదా, అదే పెట్టుకోండి. సచ్చినోని రాయి ఆడగూడదు గానీ, మేమేమీ అనుకోములే. పాపం, ఆడమనిషివి," అన్నాడు.

ఆ మాటతో మా పని జరిగిపోయేది. దేవదానానికి నాలుగు గీతలు. నా చెయ్యి గవ్వల గుడ్డ మీదికి పోయింది కూడా. సువార్తమ్మ నా చేతి మీద తట్టింది.

"ఆయన రాయి ఆయనది. దాన్ని ముట్టొద్దు," అంది. తర్వాత రాజరత్నంతో, "నీ పాపం నీ కాడే పెట్టుకో మేస్త్రీ. నాకు నా రాయి కావాల," అంది.

"ఆడోళ్ళకు రాయి యాడన్నా ఉండాదా? సైదన్నా, నువ్వు చెప్పు."

సైదా సాహెబ్ గడ్డం గోక్కున్నాడు. "దేవదానం పెట్టినప్పుడు నేనాడనే ఉంటి. పని చేసేటోళ్ళది చోటు అన్న్యాడు. మొగోడా ఆడదా అని నేనడగలే, ఆయప్పా చెప్పలే. నరసింహులూ, ఎడమ పక్క ఈయమ్మేనా పట్టుకునేది?"

"రెండేండ్లుగా."

"అట్లయితే చోటుండాది. గీతలే ల్యావు."

సువార్తమ్మ బైబిలు సంచి లారీ బంపరుకు తగిలించి, కొంగు నడుముకు బిగించింది. వాళ్ళ బండల్లోంచే అడుగున్నరవి తెచ్చి పేర్చాం. ఒకటి ఎత్తింది. రెండు ఎత్తింది. మూడు పొట్టకు ఆనించుకొని లేచి, అందరూ చూసేదాకా నిలబడింది. మెడ నరాలు తేలాయి. దించి, నాలుగోది పెట్టమంది. లేవలేదు. మోకాలు నేలకు తగిలింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"మూడు," అంది ఆమె, ఊపిరి తీసుకుంటూ. "నాలుగు కాలా. మూడే గియ్యి."

అక్కడి చెత్త కుప్పలోంచే ఒక రాతి పెంకు ఏరి నాకిచ్చింది. మూడు గీతలు గీశాను. ముక్కూ మూతీ లేని ఆ రాయిని ఎడమ మూలలో తనే పెట్టుకుంది.

మొదటి కూత వాళ్ళది. రాజరత్నం ఆనందరావు రాయిని నేరుగా ఎడమ మూలకే పంపించాడు. సువార్తమ్మ మూడు గవ్వలు వేస్తే ఒకటి వెల్లకిలా పడింది. ఆనందరావు ఆమె ముఖం చూడకుండా అయిదు వేశాడు. నాలుగు వెల్లకిలా పడ్డాయి.

"దిగమ్మా, దిగు. మెట్టు కడుగుదువు గాని!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఆమె రాయి తీసుకొని పిడికిట్లో పెట్టుకుంది.

"యాడికీ పోవాకక్కా, ఈడనే నిలబడు. ఇప్పుడే పిలుస్తా," అని ఖాజా పీర్ తన రాయితో వాళ్ళ కుడి మూలకు పోయాడు. అక్కడున్నవాడు అయిదు గీతల హమాలీయే. మూలలో చేతికి రెండు గవ్వలే. రెండూ బోర్లా పడ్డాయి. వాడు దిగాడు, సువార్తమ్మ మళ్ళీ ఎడమ మూలకొచ్చింది.

రాజరత్నం మళ్ళీ ఎడమ మూలకే పంపించాడు. సమానం. మళ్ళీ పంపించాడు. ఈసారి అతనివాడే దిగాడు. మా కుడి మూల వీరన్నకూ మూడు గీతలే, అంచులు కోసేవాళ్ళలో ఒకడికి రెండే. అటు పోతే అతనికి సులువు. కాని అతని కళ్ళకు బండ మీద ఆ ఒక్క మూల తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఆ మూల లేపేస్తే గాని అతనికి గెలిచినట్టు కాదు. పంపించనిచ్చాను.

ఎండ గోడ మీదికి పాకేసరికి ఆట బిగిసింది. రాజరత్నానికి ఎవరో చెవిలో ఊదారు. మిగతా చోట్లకు కూతలు మొదలుపెట్టాడు. అలిసినవాడు కూర్చుంటే బెంచీ మీంచి ఇంకొకడు లేచేవాడు. మాకు బెంచీ లేదు. మూడు కూతలై ఖాజా పీర్ కూర్చుంటే ఆ చోటు ఖాళీ. మా రెండో హమాలీ, పెద్దవాడు యేసురత్నం దిగాడు. వీరన్న దిగాడు. అంచులు కోసేవాళ్ళు దిగారు. అలుపు తీరి బండెక్కగానే ఖాజా పీర్‌నూ దించారు. చివరికి నేనూ దిగాను. మా పక్క ఎడమ మూల ఒక్కటే మిగిలింది. అవతల ముగ్గురున్నారు. అలుపు తీరి లేచిన ఆనందరావు ఇప్పుడు వాళ్ళ కుడి మూల ఖాళీలో ఉన్నాడు. కూత మాది.

ఉన్నది ఒక్క రాయి కనుక అదే కూతకు పోవాలి. కూత ఆమె పని కాదు. మూడులో సగం, ఒక్క గవ్వ.

"ఒక్క గవ్వ!" అన్నాడు రాజరత్నం తన మనుషుల వైపు తిరిగి. "లారీలోంచి గడ్డి తియ్యండప్పా. బండ ఈడనే ఉంటాది."

సువార్తమ్మ నా వైపు వంగింది. "ఎవురి మీదికి పోవాల?"

"కుడి మూలలో ఆనందరావు. ఆడ వానికి రెండే."

"వాడు రెండేండ్లు మన మూలలో గూడా రెండే గదా."

"అవునక్కా. రెండే."

ఆమె తన రాయిని ఆనందరావు రాయికి తాకించి, గవ్వ వేసింది. బండ మీద రెండు చుట్లు తిరిగి వెల్లకిలా పడింది. ఆనందరావు రెండూ వేశాడు. రెండూ బోర్లా పడ్డాయి. అతను తన మీసాల రాయిని తీసుకుంటూ మొదటిసారి ఆమె ముఖం చూశాడు.

"లెయ్‌రా ఖాజా," అందామె.

ఖాజా పీర్ ఎగిరి లేచాడు. "వచ్చినక్కా! గడ్డి తియ్యమన్న్యారే ఎవురో, యాడుండారు?"

ఆ తర్వాత రాజరత్నం తొందరపడ్డాడు. తన కూతను మళ్ళీ ఎడమ మూలకే పంపించి సమానం తెచ్చుకున్నాడు. ఖాజా పీర్ కూతకు వాళ్ళ అంచు మనిషి చోటులో ఉన్న హమాలీ రెండు గవ్వలతో దిగాడు, నేను లేచాను. ఇక వాళ్ళకు ఒక్కడే. ఆ ఒక్కణ్ణి పట్టుకొని రాజరత్నం చాలాసేపు బండ వైపు చూశాడు. నా రాయికి రెండు గీతలే. నా మీదికి పంపితే బతికేవాడేమో.

"ఎడమ మూల," అన్నాడు.

వాళ్ళవాడికి అయిదులో రెండు వెల్లకిలా పడ్డాయి. సువార్తమ్మ గవ్వలు ఊదలేదు, కళ్ళకు అద్దుకోలేదు. బండ మీద బురద చిమ్మినట్టు విసిరింది. మూడూ నోళ్ళు తెరిచాయి.

"ఆట అయిపాయ," అన్నాడు సైదా సాహెబ్.

"ఇది ఆటేనా?" అన్నాడు రాజరత్నం. "ఆడదాన్ని అడ్డం పెట్టుకోని..."

"అడ్డం ఎవురూ పెట్టలా. నా చోట్లో నేను నిలబడినా," అంది సువార్తమ్మ. "మెట్టుకు వేరే బండ చూసుకో. మీ షెడ్డులోవి వద్దు. అన్నిటికీ చార పడిండాది."

బండ ఎత్తడానికి మా పాత హమాలీలు అలవాటుగా ముందుకొచ్చారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "మీది ఈ షెడ్డు గదప్పా. మా బండ మేమెత్తుకుంటాం." మా ఆరుగురితో పాటు ఆమె కూడా ఒక మూల పట్టింది. ఎడమ మూల. లారీ తలుపు వేస్తుంటే ఆనందరావు వచ్చి గొళ్ళెం పట్టుకు నిలబడ్డాడు.

"అక్కా, నేను మళ్ళీ వచ్చేద్దామనుకుంటాండా. రాయి గూడా తెస్తా."

"రాప్పా. నీ పని నీకుంటాది. మీసాలు అరగదీసి తీసుకరా. మూల మాత్రం అడగొద్దు."

మర్నాడు పొద్దున కరెంటు ఉంది. మిషను వేశాను. సువార్తమ్మ ఎడమ పక్క నిలబడి బండ పట్టుకుంది. నీళ్ళు పోస్తూ పోస్తూ కృపమ్మ ఆగి, రైక మడతలోంచి ఒక రాతి పెంకు తీసి మిషను అంచున నా ముందు పెట్టింది. అంచులు అరగదీసి గుండ్రంగా చేసుకొచ్చింది. దాని మీద గీతల్లేవు.

"నీళ్ళు పోసేటోళ్ళకు బండ మీద చోటు ల్యాదు గదా," అన్నాను.

"బెంచీ ఉండాది గదన్నా. ఆడ పెట్టు," అంది. "సాయంత్రం బండలెత్తుతా. చూసినాక గీతలు గియ్యి."

సువార్తమ్మ తలెత్తలేదు. "నరసింహులూ, మిషను కానీ. బండ ఎండిపోతాండాది," అంది.